అలిగిన రేకు

చచ్చిపోయిన మనిషి మీద కోపం పెట్టుకోకూడదంటారు. నాకు మాత్రం ఇంకా తగ్గలేదు. మొన్న జమ్మలమడుగులో, ముద్దనూరు పోయే రోడ్డు మొదట్లో టీ తాగుతూ నిలబడి ఉంటే, ఎదురుగా పురుగుమందుల అంగడి ముందర ఒక పికప్పు బండి కనబడింది. బండి వెనక కొక్కేనికి తోలు చెప్పుల జత వేలాడుతోంది. టీ అంగడాయన గ్లాసులు కడుగుతూ అటు చూశాడు.

"దిష్టికి ఎవురన్నా పాత చెప్పు ఒకటి కడతారు. ఈయప్ప జతకు జతే కట్టినాడు చూడు. అంత కండ్లు పడినాయా ఆ బండి మీద?" అన్నాడు.

ఎడమ చెప్పు కొన నేలకు రాసుకుని రాసుకుని అరిగిపోయి ఉంది. కాలు ఈడ్చి నడిచే మనిషి అరుగుదల అది, నాకు తెలుసు. అవి దిష్టికి కట్టిన చెప్పులు కావు. అవి అక్కడికి ఎట్లా చేరాయో తెలిసినవాణ్ని ఇప్పుడు నేనొక్కణ్నే మిగిలాను. టీ సగంలోనే వదిలేశాను.

అవి మా మామవి. మా అమ్మకు తమ్ముడు. పులివెందులలో ఇల్లు, తొండూరు దగ్గర చీనీ తోట; బత్తాయిలను మా వైపు చీనీకాయలంటారు. ఆయన్ని తలుచుకుంటే ముందు నాకు కనబడేది ముఖం కాదు, చీనీకాయ ఒలిచే తీరు. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయాక కాయను ఎడమ మోచేత్తో రొమ్ముకు అదిమిపెట్టి, కుడిచేతి బొటనవేలితో ఒలిచేవాడు. చొక్కా మీద ఎప్పుడూ ఆ రసం మరక ఉండేది. ఎవరైనా సాయం చేయబోతే "నువ్వు గమ్మునుండు" అనేవాడు. తొనలు మాత్రం ముందు వాళ్లకే పెట్టేవాడు. కొట్లాడే మనిషికైనా సరే, ముందు తొన, తర్వాత తిట్టు.

ఎవరు ఎదురొచ్చినా "తింటివా?" అని అడిగేవాడు. తిన్నానంటే ఏం తింటివని అడుగుతాడు. ఆ లెక్క తేలేదాకా అసలు మాట కదలదు. ఇంకొక మాట ఉండేది ఆయనకు. ఏ వస్తువైనా చెడిపోయిందనడు. అలిగిందంటాడు. మోటారు అలిగింది, ఫోను అలిగింది, బోరు అలిగింది. కుర్రతనంలో ఎద్దులు తోలినాయన కాబట్టి యంత్రాలకు కూడా రోషం ఉంటుందని గట్టిగా నమ్మేవాడు. నాది ప్రొద్దుటూరులో కరెంటు సామాన్ల అంగడి. స్టార్టర్లు, వైర్లు, ఫ్యూజులు అమ్ముకుని బతికేవాణ్ని. అలకలు తీర్చే పని నాది కాదని ఎంత చెప్పినా వినేవాడు కాదు.

"కరెంటు మనిషివి నువ్వుండంగా నేను బయటోని కాళ్లు పట్టుకోవల్లనా అల్లుడా?" అనేవాడు. దాంతో స్క్రూడ్రైవరు జేబులో వేసుకుని బయలుదేరేవాణ్ని.

పక్షవాతం తర్వాత ఏడాదికి ఆయన కొత్త పికప్పు కొన్నాడు. గేర్లు మార్చే పని లేని బండి. దాన్ని ఎంచుకోవడానికి అసలు కారణం వెనక తొట్టి మీది మూత. దుకాణం షట్టరును పడుకోబెట్టినట్టు ఉంటుంది. డ్రైవరు వెనక, తొట్టి మొదట్లో ఒక పెట్టె. స్విచ్చి నొక్కితే ఆ పెట్టెలోంచి రేకు బయటికొచ్చి, రెండు అంచుల మీది గాడుల్లో జారుతూ తొట్టినంతా కప్పేస్తుంది. దారిలో ఏదైనా అడ్డం తగిలితే, మనిషి చెయ్యి నలగకుండా దానంతటదే వెనక్కి పోతుంది. మామకు కాయలు ఒకచోట దించి ఊరుకునే అలవాటు లేదు. ముద్దనూరులో ఇద్దరికి, జమ్మలమడుగులో ముగ్గురికి, ప్రొద్దుటూరులో చుట్టాలందరికీ దించుతూ పోవాలి. దించిన ప్రతిచోటా మళ్లీ పట్ట కప్పి తాడు లాగి కట్టుకోవాలి. అది ఒంటి చేత్తో అయ్యే పని కాదు. ఈ రేకు ఉంటే ఎవరినీ బతిమాలకుండా ఒక్కడే తిరగొచ్చు. ఆయన డబ్బు పోసి కొనుక్కున్నది ఆ ఒక్కడే తిరగడాన్ని.

ఆ రేకు ఆయనకు మూసుకోలేదు.

కొన్న వారంలోనే ఫోను. "అల్లుడా, రేకు అలిగింది. బిన్నా రా, ఆలస్యం చెయ్యగాకు." అంగడి వదిలేసి తొండూరు పోయాను. మామ చెట్టు కింద నిలబడి ఉన్నాడు. నేను చెప్పులు కిందనే విడిచి బండెక్కి స్విచ్చి నొక్కాను. రేకు గుమ్మని వచ్చి చక్కగా మూసుకుంది. తెరిచాను. మళ్లీ మూశాను. లోపమేమీ లేదు. ఫ్యూజు చూశాను, వైర్లు చూశాను. పూజ చేయించినప్పుడు చల్లిన కుంకుమ, బంతిపూల రెక్కలు, టెంకాయ పీచు గాడుల్లో చిక్కుకుని ఉన్నాయి. దొరికింది దొంగ అనుకుని బ్రష్షుతో గీకి శుభ్రం చేశాను. నేను ఇల్లు చేరకముందే మళ్లీ ఫోను.

"జానెడు వచ్చి వెనక్కి పోతాండాది."

"నేను వత్తితే వచ్చింది గదా మామా."

"నీ ముందర బాగుంటాది. నేనంటే దానికి లెక్కలేదు."

నిజంగానే అట్లా ఉండేది దాని వరస. నేను నొక్కితే వస్తుంది, ఆయన నొక్కితే రాదు. ఎండకు రేకు సాగుతోందేమోనని నీళ్లు చల్లించాను. బ్యాటరీ చూపించాను. ఫోనులో ఆయన చెప్పేది విని విని నాకు తల వాచిపోయేది. పోయిన ప్రతిసారీ నా ముందర అది బుద్ధిమంతురాలై పనిచేసేది. తలను గోడకేసి కొట్టుకోవాలనిపించేది.

చివరికి ఇద్దరం ప్రొద్దుటూరు షోరూముకు తీసుకుపోయాం. అక్కడి మెకానిక్కు బూట్లతో బండెక్కబోయాడు. మామ అడ్డం నిలబడ్డాడు.

"ఇడిచి ఎక్కు."

"మేము రోజూ ఎక్కేవే సార్ ఇవి."

"నీది కాదు గదా. లక్ష్మి అది. ఇడిచి ఎక్కు."

కొత్త బండి కొన్న కొత్తలో చెప్పులు విడిచి ఎక్కడం మా వైపు అందరూ చేసేదే. నాలుగు రోజులు పోయాక అందరూ మరిచిపోతారు. మామ మరిచిపోలేదు. చెప్పులు బండి లోపల పెట్టడు, లక్ష్మి కాబట్టి. తొట్టిలో పడెయ్యడు, మనుషులు తినే కాయలు పోసే చోటు కాబట్టి. తలుపు దగ్గర నిలబడి చెప్పులు విడిచి, వెనక్కి చెయ్యి చాచి, ఆ రేకు పెట్టె పక్కన అంచు దగ్గరున్న సందులో వాటిని నిలబెట్టి, ఒట్టి కాళ్లతో ఎక్కేవాడు. దిగగానే ముందు వాటిని తీసి తొడుక్కునేవాడు. నేను పక్కన కూర్చుని పోతే నా చెప్పులకు కూడా అవతలి పక్క సందే గతి.

మెకానిక్కు బూట్లు నేల మీద విడిచి ఎక్కాడు. కంప్యూటరు తగిలించాడు. చాలాసేపు చూసి దిగాడు. "బండిలో లోపం లేదు సార్. ఏదో అడ్డం తగిలి వెనక్కి పోతాందని చూపిస్తాండాది" అన్నాడు.

"ఏం అడ్డం? నీ కండ్లతో నువ్వే చూడు. ఖాళీ తొట్టి."

చూశాం. ఖాళీ తొట్టే. సందులో కూడా ఏమీ లేదు. ఉండాల్సినవి మామ కాళ్లకు ఉన్నాయి. ఆ రోజు ఆ మాట నాకు తట్టలేదు. మామ షోరూములో అందరినీ తిట్టి, అందరికీ తలా ఒక చీనీకాయ ఇచ్చి, వాళ్లు తిన్నారో లేదో అడిగి మరీ బయటికొచ్చాడు. వీధిలోకి రాగానే రేకు మళ్లీ జానెడు వచ్చి వెనక్కి పోయింది. ఖాళీ తొట్టైనా తెరిచి పోనని ఆయన పట్టుబడితే, నేను ఎండలో నిలబడి పట్ట కప్పి తాడు కట్టాను. ఆయన అద్దంలో నన్ను చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపు నాకు భరించలేనిదిగా ఉండింది.

ఇక బామ్మర్ది సంగతి. మామకు ఒక్కడే కొడుకు. పులివెందులలో ఎరువుల అంగడి. వాడు చెడ్డవాడు కాదు, నాయనంటే ప్రాణం. ఆ ప్రాణమే వాణ్ని భయపెట్టింది. పక్షవాతం వచ్చిన మనిషి ఒక్కడే బండేసుకుని తిరగడం వాడికి మొదటినుంచీ ఇష్టం లేదు. ఒక ఆదివారం నన్ను పిలిపించి, ఇంటి ముందర పంచాయతీ పెట్టాడు. వాడు బండెక్కి స్విచ్చి నొక్కాడు. మూసుకుంది. నన్ను నొక్కమన్నాడు. మూసుకుంది. "ఇప్పుడు నువ్వు వత్తు నాయనా" అన్నాడు. మామ చెప్పులు విడిచి ఎక్కాడు. స్విచ్చి స్టీరింగుకు ఎడమ పక్క ఉంటుంది. ఎడమ చేతిని కుడిచేత్తో ఎత్తి అక్కడ పెట్టి, ఒక వేలితో నొక్కాడు. జానెడు వచ్చి వెనక్కి పోయింది.

"చూసినావా బావా? రేకుదేం తప్పు లేదు. ఆయన చెయ్యే. అదురుతా వత్తుతాండాడు, అది సగంలో నిలబడతాండాది" అన్నాడు బామ్మర్ది. తర్వాత నాయన వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఈ స్విచ్చి వత్తలేని చెయ్యి, అడ్డం ఎవురన్నా వస్తే స్టీరింగు ఏం తిప్పుతాది నాయనా? యంత్రాలు అలగవు. వచ్చే ఆదివారానికి తాళం నాకియ్యి. యాడికి పోవల్లన్నా నేను తీసకపోతా."

మామ వాడికి తొన పెట్టలేదు. తిట్టలేదు కూడా. అదే నన్ను భయపెట్టింది. లోపలికి పోయి మంచం మీద కూర్చున్నాడు. నేను వెనకే పోయి బతిమాలాను.

"మామా, ఒక్కసారి కుడిచేత్తో వత్తు. తేలిపోతాది."

"వత్తను."

"యాల?"

"డాక్టరు దీనికి పని చెప్పమన్నాడు. ఆ పని దీనిది."

"ఒక్కసారికి ఏమైతాది?"

ఆయన ఎడమ చేతిని ఒళ్లో పెట్టుకుని చూశాడు. "కుడిచేత్తో వత్తినప్పుడు రేకు వచ్చిందనుకో, ఈ చెయ్యి సచ్చిందని నేనే ఒప్పుకున్నట్టు గదప్పా" అన్నాడు. ఆ మాటతో నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఒక్క స్విచ్చి నొక్కితే తేలిపోయే సంగతిని ఈ మనిషి తన ప్రాణానికి ముడిపెట్టుకుని కూర్చున్నాడు. గట్టిగా అరిచి బయటికొచ్చేశాను.

ఆ వారంలోనే జమ్మలమడుగుకు కాయలు వేసుకుపోవాలన్నాడు. బహుశా ఇదే ఆఖరిసారి అనుకుని ఉంటాడు. నేనూ పోయాను. ఒక జ్యూసు అంగడి దగ్గర కాయలు దించారు. బయలుదేరేముందు ఆయన మళ్లీ "ఎక్కు అల్లుడా, ఈసారి వస్తాదేమో చూద్దాం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఎక్కలేదు. చెప్పులూ విడవలేదు. ఆయన ముఖం చూడటం ఇష్టం లేక బండి వెనక్కి పోయి, తొట్టి అంచు మీద మోచేతులు ఆనించి నిలబడ్డాను. అన్నాళ్లూ ఆయన నొక్కేటప్పుడు నేను పక్క సీట్లోనో, తలుపు దగ్గరో ఉన్నాను. సీట్లోంచి చూస్తే ఆ మూల కనబడదు. తలుపు దగ్గరుంటే కళ్లు ఆయన చేతి మీదే ఉంటాయి.

మామ చెప్పులు విడిచాడు. సందులో నిలబెట్టాడు. ఎక్కి కూర్చున్నాడు. రేకు పెట్టెలోంచి బయటికొచ్చింది. జానెడు వచ్చి, గాడి మీదికి వాలి ఉన్న చెప్పు మడమను తాకింది. ఒక్క క్షణం ఆగింది. వెనక్కి పోయింది.

నేను తొట్టి పక్కనుంచి ముందుకు పోయాను. చెప్పులు తీసి చేత్తో పట్టుకుని, "మళ్ల వత్తు మామా" అన్నాను.

రేకు నా ముందు నుంచి జారుకుంటూ చివరిదాకా వచ్చి మూసుకుంది.

మామ తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు. దిగకుండా అద్దంలోంచే నా చేతిలోని చెప్పులను చూశాడు. నేను తలుపు దగ్గరికి పోయేసరికి ఎడమ చేతిని కుడిచేత్తో ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

"అయితే నా చెయ్యి కాదు" అన్నాడు.

"కాదు మామా."

"నా చెయ్యి కాదు గదప్పా" అని మళ్లీ అని, తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. నేను అటు తిరిగి నిలబడ్డాను. ఇన్ని నెలల తిప్పలు, ఇన్ని పెట్రోళ్లు, ఇన్ని తిట్లు ఒక జత చెప్పుల కోసమా అని తిట్టడానికి ఇటు తిరిగి, ఆయన ముఖం చూసి నవ్వేశాను.

ఇక చెప్పులు లోపల పెట్టుకో అంటే ఒప్పుకోడు. తొట్టిలో వెయ్యి అంటే ఒప్పుకోడు. చివరికి బండి వెనక కొక్కేనికి కట్టుకుంటానన్నాడు. దిగిన ప్రతిసారీ వెనక్కి నడిచి పోయి తొడుక్కోవాలి. పోతానన్నాడు. జ్యూసు అంగడిలో పురికొస అడుక్కొచ్చి, ఒంటి చేత్తో తగిలించేటట్టు ఉచ్చు వేసి కట్టాను. అప్పుడు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"వానికి చెప్పుల సంగతి చెప్పగాకు."

"యాల? ఇదేగా మనకు కావల్సింది?"

"చెప్పులంటే నవ్వుతాడు. ఈ రోజు చెప్పులు మరిచినావు, రేపు బ్రేకు మరుస్తావంటాడు. చెయ్యి బాగైందని చెప్పు."

"అబద్ధం గదా మామా."

"అబద్ధం యాడుంది? చెయ్యి బాగుండాదా, లేదా?"

మాటిచ్చాను.

ఆదివారం బామ్మర్ది ముందర మామ ఎడమ చేతిని ఎత్తి పెట్టి స్విచ్చి నొక్కాడు. రేకు మూసుకుంది. "చెయ్యికి బలం వచ్చింది" అని నేను అన్నాను. వాడు నాయన చేతిని తన చేతుల్లోకి తీసుకుని వేళ్లు ఒక్కొక్కటే ముడిచి చూశాడు. చూసి, తాళం అడగలేదు. వెనక వేలాడే చెప్పులు చూసి "దిష్టికా?" అన్నాడు. మామ "ఊ" అన్నాడు.

ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఆయన ఒక్కడే తిరిగాడు. ముద్దనూరులో, ఇక్కడ జమ్మలమడుగులో, మా ప్రొద్దుటూరు వీధుల్లో దిగి, ఒట్టి కాళ్లతో కాలే తారు మీద వెనక్కి నడిచి, చెప్పులు తీసి తొడుక్కుని, నా అంగడి ముందర నిలబడి "తింటివా?" అని అడిగేవాడు. అరవైసార్లు చెప్పాను, లోపల ఒక గోనెపట్ట పరుచుకుని దాని మీద పెట్టుకొమ్మని. విన్లేదు. పోయిన ఎండాకాలం పక్షవాతం రెండోసారి వచ్చింది. ఆసుపత్రిలో కూడా బండి తాళం దిండు కిందే పెట్టుకున్నాడు. ఆ దిండు మీదనే పోయాడు.

ఇదంతా తలుచుకుంటూ నిలబడి ఉండగా, పురుగుమందుల అంగడిలోంచి బామ్మర్ది డబ్బాలు మోసుకుని బయటికొచ్చాడు. నన్ను చూసి నవ్వాడు. డబ్బాలు తొట్టిలో పెట్టి, తలుపు దగ్గర వంగి బూట్లు విప్పుకున్నాడు. నేను ఆశ్చర్యపోయాను. వీడు ఒకప్పుడు బూట్లతోనే ఎక్కేవాడు.

"ఇదేందిరా?"

"నాయన బండి గదా బావా. ఆయన పోయినాక బూట్లతో ఎక్కబుద్ధి కాల్యా."

ఆ బూట్లు తీసుకుని వెనక్కి చెయ్యి చాచి, రేకు పెట్టె పక్కన, సందులో నిలబెట్టాడు. ఎక్కి స్విచ్చి నొక్కాడు. రేకు జానెడు వచ్చింది. ఆగింది. వెనక్కి పోయింది.

"చూసినావా, అలిగింది" అన్నాడు బామ్మర్ది. యంత్రాలు అలగవని చెప్పినవాడే. "ఆయన పోయినప్పట్నుంచీ ఇదే వరస బావా. షోరూములో చూపిస్తే ఏం లేదంటారు. నాయన చెయ్యి పడితే గాని ఇది ఇనదు. ఆ చెయ్యినే నేను చేతకాదంటి." అని స్విచ్చి మీదనుంచి వేలు తీసేశాడు.

నేను ఆ బూట్ల వైపు చూశాను. చెప్పేస్తే ఒక్క మాటలో అయిపోతుంది. చెప్పగాకు అని నా మోచెయ్యి పట్టుకుని మాట తీసుకుని పోయాడు ఆ మనిషి. పోయి కూడా నన్ను ఈ రేకుతోనే చంపుతున్నాడు. ఒకవేళ చెప్పినా, వీడికి ఇప్పుడు మిగిలింది ఆ చెయ్యి ఒక్కటే. దాన్ని కూడా ఒక జత చెప్పులకు మార్చి ఇచ్చేదానికి నాకు నోరు రాలేదు.

బూట్లు తీసుకుని బండి వెనక్కి పోయాను. మామ చెప్పుల పక్కన, అదే కొక్కేనికి, వాటి తాళ్లతోనే గట్టిగా ముడేసి కట్టాను.

"అవి యాల కడతాండావు బావా? అది దిష్టికి గదా?"

"గమ్మునుండి వత్తు."

వాడు నొక్కాడు. రేకు చివరిదాకా జారుకుంటూ వచ్చి మూసుకుంది. నేను తలుపు దగ్గరికి పోయేసరికి బామ్మర్ది స్విచ్చి వంక చూడటం లేదు. తన చేతిని ముఖం ముందర పెట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే ముడిచి చూసుకుంటున్నాడు. కళ్లు నిండి ఉన్నాయి.

"దిగినప్పుడంతా ఎనక్కి పోయి తొడుక్కో. ఎక్కినప్పుడంతా ఆడనే కట్టు. మీ నాయన అట్నే చేస్తాండె" అన్నాను.

వాడు తలూపాడు. ఎందుకని అడగలేదు. బండి ముద్దనూరు రోడ్డు పట్టింది. చెప్పుల జత, బూట్ల జత ఒకదానికొకటి తగులుకుంటూ పోయాయి.

"ఇప్పుడు రెండు జతలైనాయే" అన్నాడు టీ అంగడాయన నా వెనకనుంచి. "చల్లారిపాయ గదప్పా నీ టీ. ఇంకోటి పోస్తా ఉండు. పొద్దున ఏమన్నా తింటివా?"

నేను తినలేదని చెప్పాను.